ఊరి పేరు, ఆడపిల్ల పేరు

మన వైపు ఊళ్ళను తలుచుకుంటే నాకు ఎందుకో ఎప్పుడూ కోడళ్ళే గుర్తొస్తారు. పుట్టింటి పేరొకటి, మెట్టినింటి పేరొకటి. పాలమూరు ఉన్నట్టుండి 1890లో మహబూబ్‌నగర్ అయిపోయింది, నవాబుగారు మహబూబ్ అలీఖాన్ పేరు మీద. ఇందూరు నిజామాబాదైంది. అడవుల్లో చల్లగా పడుకున్న జనగాం ఆసఫ్‌జాహీల బిరుదు తగిలించుకుని ఆసిఫాబాదైంది. (ఇప్పుడు జిల్లా కేంద్రమైన జనగామ వేరు, ఈ జనగాం వేరు. ఆడపిల్లల్లో లక్ష్ములు ఎందరున్నారో, ఊళ్ళలో జనగాంలు అన్ని వున్నాయి.) కొత్త పేరు కాగితాల మీద వుంటుంది, పాత పేరు జనం నోట వుంటుంది. ఇప్పటికీ పాలమూరు అంటే ఒక రుచి, మహబూబ్‌నగర్ అంటే బస్సు బోర్డు.

అందుకే నాకో సందేహం. పేరు ఎవరి సొత్తు? పెట్టినవాళ్ళదా, పిలిచేవాళ్ళదా, మోసేవాళ్ళదా? పెట్టిన పేరు మార్చే హక్కు ఎవరికైనా వుందా? వుంటే, మార్చిన పేరును మళ్ళీ వెనక్కి మార్చే హక్కు ఇంకెవరికైనా వుందా? ఎన్నికల ముందు ఊళ్ళ పేర్ల గురించి ఎవరో ఒకరు లేవదీస్తూనే వుంటారు. మగవాళ్ళు టీ కప్పు ముందు పెట్టుకుని గంటసేపు వాదించుకుంటారు. అదే గదిలో టీ తెచ్చిపెట్టిన ఆవిడ ఇంటిపేరు పాతికేళ్ళ క్రితం మారిందనీ, దాని గురించి ఏ వాదమూ జరగలేదనీ వాళ్ళకు తోచదు. మనకు మాత్రం ఎప్పుడు తోచింది లెండి!

నేను పుట్టి పెరిగింది కరీంనగర్‌లో, కోడలిగా వెళ్ళింది ఆదిలాబాదుకు. కనుక రెండు ఊళ్ళ పేర్ల సంగతీ నాకు సొంత సంగతే.

కరీంనగర్ పేరు సయ్యద్ కరీముద్దీన్ అనే ఆయన వల్ల వచ్చిందంటారు. ఆయన ఎలగందుల కోటకు కిల్లేదారు. ఎలగందుల మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. సిరిసిల్ల వైపు బస్సెక్కితే కరీంనగర్‌కు ఎంతో దూరం లేదు. మానేరు ఒడ్డున గుట్ట, గుట్ట మీద కోట. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఒకరి తర్వాత ఒకరు దాన్ని ఏలారు. 1754లో జఫరుద్దౌలా కట్టించిన రెండు మినార్లు వున్నాయి అక్కడ. ఊపితే ఊగుతాయని చెప్తారు. చిన్నప్పుడు వనభోజనాలకు వెళ్ళినప్పుడు మేమంతా ఆ మినార్లు ఎక్కాలని పేచీ పెట్టేవాళ్ళం, పెద్దవాళ్ళు మెట్లదాకా కూడా పోనిచ్చేవారు కాదు.

ఒకప్పుడు జిల్లా పేరే ఎలగందుల. కచేరీలు, కొత్వాళ్ళు, వకీళ్ళు అన్నీ అక్కడే. 1905లో నిజాం ప్రభుత్వం జిల్లాలను తిరగరాసినప్పుడు ఆ హోదా కరీంనగర్‌కు పోయింది, జిల్లా పేరూ మారింది. ఇక్కడ ఒక చిన్న తేడా గమనించండి. ఎలగందులకు ఎవరూ పేరు మార్చలేదు. ఎలగందుల నేటికీ ఎలగందులే. మారిందల్లా ఇంటి తాళాల గుత్తి చేతులు. పక్క ఊరు పెద్దదైంది, ఈ ఊరు పల్లెటూరై మిగిలింది. అందుకని దీన్ని కోడలి కథ అనకూడదు, సవతి కథ అనాలి. పెద్దభార్య పేరు పెద్దభార్యకే వుంది, పెత్తనం మాత్రం చిన్నామె దగ్గరుంది.

అయితే పేరుకు చావు అంత తేలిగ్గా రాదు. మా బళ్ళో ఎలగందుల అనే ఇంటిపేరు గల పిల్లలు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళ తాతలు ఎప్పుడో ఆ ఊరు వదిలేశారు. వదిలేస్తూ ఊరి పేరును మూట కట్టుకుని పోయారన్నమాట. వేములవాడవాళ్ళు, మంథనివాళ్ళు, ధర్మపురివాళ్ళు, వెలిచాలవాళ్ళు, ఇలా మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళే కదూ. ఊరు విడిచినవాడికే ఊరి పేరు కావాలి. ఊళ్ళోనే వున్నవాణ్ణి ఆ ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? ఎలగందులలో వుండేవాణ్ణి ఎలగందుల వాడని అక్కడ ఎవరూ అనరు. కానీ ఈ ఇంటిపేరు మూటను కొడుకులు మాత్రమే మోస్తారు. కూతురు పెళ్ళినాడు ఆ మూట దింపి, ఇంకో ఊరి మూట ఎత్తుకోవాలి. ఎలగందుల అమ్మాయి మంథని కోడలైతే, ఆమె వరకు ఎలగందుల అక్కడితో ఆఖరు.

ఇక ఆదిలాబాదు. బిజాపూరు ఏలిన ఆదిల్‌షా పేరు మీద వచ్చిందంటారు. బిజాపూరెక్కడ, పెన్‌గంగ ఒడ్డునున్న ఆదిలాబాదెక్కడ అని పెళ్ళయిన కొత్తలో నేను మా మామగారిని అడిగాను. ఆయన నవ్వి, “మన ఊరికి పేరు పెట్టినోడు మన ఊరు జూసిండో లేదో ఎవడికెరుక?” అన్నారు. పాత రికార్డుల్లో అది ఎడ్లాబాద్. 1872లో సిర్పూరు తాండూరు అని ఒక చిన్న జిల్లా ఏర్పాటు చేసినప్పుడు దాని కింద ఎడ్లాబాద్, రాజూరా, సిర్పూరు తాలూకాలుండేవి. అందులో రాజూరా ఇప్పుడు మహారాష్ట్రలో వుంది. 1905లో ఆదిలాబాదు పూర్తి జిల్లా అయింది. ఎడ్లాబాద్ కంటే ముందుది ఎదులాపురం అంటారు. ఇప్పటికీ అక్కడి రచయితలు, సభలు పెట్టేవాళ్ళు ముచ్చటపడి ఎదులాపురం అనే రాసుకుంటారు. సుల్తాను పేరు గొప్పదా, పాత పేరు గొప్పదా అంటే ఏం చెప్తాం? ఎదులాపురం అన్నప్పుడు మా అత్తగారి ముఖం వెలిగేది. ఆదిలాబాద్ అన్నప్పుడు ఏమీ అయ్యేది కాదు. కానీ ఆవిడ ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు ఆదిలాబాద్ అనే రాసేది. ఉత్తరం చేరాలి కదా మరి!

పేరుకు కథ లేకపోతే మనకు నిద్ర పట్టదు. నిర్మల్ అనగానే ఏదో నిర్మలమైన ఊరు అనుకుంటాం. లేకపోతే ఎవరో నిర్మల అనే మహాతల్లి వుండేదేమో అనుకుంటాం. తీరా చూస్తే నిమ్మనాయుడనే పాలకుడి పేరు అరిగి అరిగి నిర్మల్ అయిందంటారు. ఆడపేరు పెట్టుకున్న ఊరు ఒకటైనా దొరికిందిరా బాబూ అని సంతోషించే లోపల మీసాలాయన బయటికొచ్చాడు! పోనీలెండి, ఆయన దయవల్లే పొనికి కర్ర బొమ్మలు, రంగుల పళ్ళేలు పుట్టాయి, పిల్లల పెళ్ళిళ్ళకు మనం కొనిపెడుతున్నాం.

జగిత్యాలకు రెండు కథలున్నాయి. కోట కట్టిన ఫ్రెంచి ఇంజనీర్లు జాక్, టాల్ అని ఇద్దరున్నారనీ, ఆ ఇద్దరి పేర్లు కలిసి జగిత్యాల అయిందనీ ఒక కథ. పొలాస ఏలిన జగ్గదేవుడి పేరు మీద వచ్చిందని ఇంకొకటి. నన్నడిగితే మొదటి కథ సినిమావాళ్ళు కల్పించినట్టుంటుంది. కానీ పిల్లలకు అదే నచ్చుతుంది, నాకూ చెప్పడానికి అదే బాగుంటుంది. వేములవాడ కథ వీటన్నిటికంటే సాత్వికమైనది. శాసనాల్లో లేములవాడ, సంస్కృతంలో రాస్తే లేంబులవాటిక. చాళుక్య రాజులు ఏలిన ఊరు, కన్నడ ఆదికవి పంపడు కొలువున్న ఊరు. పక్కనే కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనంలో తెలుగు, కన్నడం, సంస్కృతం మూడూ వున్నాయి. ఆ లేములవాడ వేములవాడ కావడానికి ఏ సుల్తానూ ఫర్మానా వెయ్యలేదు. రాజన్న దర్శనానికి వచ్చిపోయే జనం నోట్లో నలిగి నలిగి ‘లే’ పోయి ‘వే’ వచ్చింది. ఇంట్లో సుబ్బలక్ష్మిని సుబ్బులు చేసినట్టు. అలాంటి మార్పు ఎవరికీ బాధ పెట్టదు.

ఇదంతా ఇప్పుడు నేను ఎందుకు రాస్తున్నానంటే, మా అక్క కూతురికి సంబంధం కుదిరింది. పిల్లవాడిది పెన్‌గంగ అవతల, మరాఠీ కుటుంబం. పిల్లలిద్దరూ ఒకే చోట ఉద్యోగం చేస్తూ ఒకరికొకరు నచ్చుకున్నారు, పెద్దవాళ్ళం ఒప్పుకున్నాం. ఆదిలాబాదు వైపు ఇది వింతేమీ కాదు, అక్కడ ఒక వీధిలో మరాఠీ, ఒక వీధిలో తెలుగు, ఇంకో వీధిలో ఉర్దూ, సంతరోజున గోండీ. అంతా బాగానే వుంది గాని, వాళ్ళలో ఒక ఆచారం వుంది. పెళ్ళిలో పళ్ళెంలో బియ్యం పోసి, వరుడు బంగారు ఉంగరంతో ఆ బియ్యంలో పెళ్ళికూతురికి కొత్త పేరు రాస్తాడు. మనవాళ్ళలో ఇంటిపేరు పోతుంది. అక్కడ చాలా కుటుంబాల్లో అసలు పేరే పోతుంది. వాళ్ళ ఇంటి పెద్దాయన మర్యాదగానే అడిగారు, “పేరు మీరే చెప్పండి, మీకు నచ్చిందే రాద్దాం” అని.

అక్క కూతురు ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. “చిన్నమ్మా, నువ్వు నవలలు రాస్తవు గద, నువ్వు చెప్పు. గిది తప్పా, ఒప్పా? కాదంటే పెళ్ళి పోతదేమో. అవునంటే నేనే పోతనేమో,” అంది. ఆ చివరి మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

పెళ్ళయితే పేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. అది ముందుగా చెప్పాను పిల్లకు. పుట్టిన పేరు మనిషికి మొదటి ఆస్తి, దాన్ని ఎవరూ జప్తు చెయ్యడానికి వీల్లేదు అని కూడా చెప్దామనుకున్నాను. చాలా అందమైన వాక్యం, నవలలోనైతే ఒక అధ్యాయం దాని మీదే నడిపించేదాన్ని. కానీ ఆ వాక్యానికి అడ్డంగా మా మేనత్త వచ్చి నిలబడింది.

మా మేనత్తకు తల్లిదండ్రులు పెట్టిన పేరు పెంటమ్మ. ఆవిడకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అందుకని ఈ బిడ్డను పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ‘దొరికింది’ అని తెచ్చుకుని ఆ పేరు పెట్టారు. దిష్టి తగలకుండా, మృత్యువుకు అసహ్యం పుట్టేలా. ఎంత ప్రేమ, ఎంత భయం వున్నాయి చూడండి ఆ పేరులో! మన పల్లెల్లో పెంటయ్యలు, పెంటమ్మలు అందరూ అలా దక్కినవాళ్ళే. కానీ బళ్ళో పిల్లలకు ఆ ప్రేమ తెలుస్తుందా? మేనత్త రెండో తరగతితో బడి మానేసింది. పెళ్ళయ్యాక అత్తగారు ‘ఈ పేరుతో నలుగురిలో పిలవలేను తల్లీ’ అని ఒక దేవత పేరు పెట్టింది. ఆ పేరుతోనే ఆవిడ ఇల్లు నడిపింది, పిల్లల్ని చదివించింది, మహిళా సంఘానికి లెక్కలు రాసింది. పుట్టింటి పేరు గురించి ఆవిడ ఎన్నడూ బెంగపడగా నేను చూడలేదు.

ఒక్కసారి మాత్రం ఆ పేరు లేచొచ్చింది. మా తాత ఆవిడకు పసుపుకుంకుమల కింద రెండెకరాలిచ్చాడు. ఆ కాగితాల్లో వున్నది పెంటమ్మ. ఆధార్ కార్డులో వున్నది అత్తగారు పెట్టిన పేరు. ఒక ఆఫీసులో గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూసి, “ఈ పెంటమ్మను తీసుకురా” అన్నాడు. ఎదురుగా కూర్చున్నావిడనే! నాలుగు నెలలు తిరిగాం. చివరికి నోటరీ దగ్గర ‘ఈ ఇద్దరూ ఒకరే’ అని ప్రమాణపత్రం రాయించాం. ఇద్దరు సాక్షులు సంతకాలు పెడితే గాని ఆవిడ ఆవిడ కాలేదు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అంది, “గా పెంటమ్మ ఎన్నడో సచ్చిపోయింది బిడ్డా. భూమి కోసం మళ్ళ లేపిన్రు.” అనేసి నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు గాని, కాస్త దయ వుంది. ఆ పాత పిల్ల మీద దయ.

కనుక, పుట్టుకతో వచ్చిందే అసలు పేరు, తరవాతవన్నీ అబద్ధం అని నేను మా పిల్లకు చెప్పలేను. మేనత్తకు రెండో పేరు విడుదల. ఆ సంగతి మరిచి సిద్ధాంతం చెప్తే ఆవిడకు అన్యాయం చేసినట్టు.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని గనక ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఇంగ్లండులో ఉత్తర సముద్రం ఒడ్డున విట్బీ అని ఒక చిన్న పట్నం వుంది. చేపల రేవు, కొండ మీద శిథిలమైన మఠం. నావికుడు కెప్టెన్ కుక్ ఓడపని నేర్చుకున్నది అక్కడే. ఆయన ప్రపంచం చుట్టివచ్చిన ఓడ కట్టింది కూడా అక్కడే. ఆ మఠాన్ని 657లో స్థాపించి నడిపింది హిల్డా అనే స్త్రీ. సన్యాసులు, సన్యాసినులు ఇద్దరూ ఆమె మాట వినేవాళ్ళు. రాజులు సలహా అడిగేవాళ్ళు. 664లో ఈస్టరు పండుగ ఏ రోజు చేసుకోవాలో తేల్చడానికి పెద్ద పెద్ద మతాచార్యులంతా ఆమె ప్రాంగణంలోనే సభ చేశారు. (పండుగ ఇవ్వాళా రేపా అని పంచాంగకర్తలు కొట్టుకోవడం మన ఒక్కళ్ళ భాగ్యమే అనుకున్నాను ఇన్నాళ్ళూ!) చదువురాని పసులకాపరి కేడ్మన్ పాట కడితే విని, నువ్వు కవివి అని గుర్తించి మఠంలో చేర్చుకున్నది కూడా ఆమే.

అప్పుడు ఆ ఊరి పేరు విట్బీ కాదు. స్ట్రెయోన్‌షాల్ అనే, మనకు నోరు తిరగని పాత పేరు. తొమ్మిదో శతాబ్దంలో సముద్రం మీదుగా డేనులు వచ్చి మఠాన్ని నాశనం చేశారు. తరవాత వాళ్ళే అక్కడ కాపురం పెట్టారు. వాళ్ళ భాషలో ‘బీ’ అంటే పల్లె. తెల్లపల్లె అనో, తెల్లటి మనిషి ఎవడిదో పల్లె అనో అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 1086లో ఇంగ్లీషు రాజు తన రాజ్యమంతా లెక్కలు రాయించినప్పటికే ఆ కొత్త పేరు స్థిరపడింది. ఇవ్వాళ హిల్డాను తలుచుకునేవాళ్ళు కూడా ఆమెను విట్బీ హిల్డా అనే అంటారు! ఆమె మఠాన్ని పడగొట్టినవాళ్ళ భాషలోని పేరు ఆమె పేరు ముందు చేరి కూర్చుంది. దానికి ఇంగ్లీషువాళ్ళు ఏడవడం లేదు. విట్బీ వాళ్ళకు వాళ్ళ ఊరే, వాళ్ళ పేరే.

అంటే, దెబ్బ కొట్టి పెట్టిన పేరు కూడా వెయ్యేళ్ళు పిలిస్తే సొంతమైపోతుందా? అయిపోతుందనే చెప్పాలి. కరీంనగర్ అంటే నాకు ఏ కిల్లేదారూ గుర్తుకు రాడు. టవర్ సర్కిల్, మానేరు డ్యాం కట్ట మీద సాయంత్రాలు, మా అమ్మ కొనే వెండి తీగ పని కుంకుమభరిణె గుర్తొస్తాయి. కరీముద్దీన్ పెట్టింది అక్షరాలు మాత్రమే, ఆ అక్షరాల్లోకి బతుకు పోసింది అక్కడ బతికినవాళ్ళు. రేపు ఎవరైనా ఆ పేరు తీసేసి పాత రాజుల కాలపు పేరు పెడతామంటే నేను ఒప్పుకోను. ఏది పాత పేరు? కాకతీయుల కాలంలో ఆ ప్రాంతం సబ్బినాడు. అంతకు ముందు? కోటిలింగాల దగ్గర శాతవాహనుల నాణేలు దొరికాయి. వాళ్ళు ఏమని పిలిచేవాళ్ళో! తవ్వుకుంటూ పోతే ప్రతి పేరు కిందా ఇంకో పేరు వుంటుంది. ఆదిలాబాదు అడవుల్లో గోండులు వాళ్ళ కొండలను, వాగులను సుల్తానులకంటే ముందే ఏదో ఒకటి అని పిలిచేవాళ్ళే కదా. పాత పేరు తెస్తామనేవాళ్ళు ఎప్పుడూ తమకు నచ్చిన అంతస్తు దగ్గర తవ్వడం ఆపేస్తారు. అదీ ఒక ఫర్మానాయే.

పని చేసినవాళ్ళు పెట్టుకున్న పేర్లు వేరే. అవి నాకు ఇష్టం. కొత్తపేట అనే పల్లెలో సిర్పూరు పేపరు మిల్లు వచ్చింది, 1938లో. కాగితం తయారయ్యే ఊరు కాగజ్‌నగర్ అయింది. బొగ్గు తవ్వుకోవడానికి వచ్చిన జనం గోదావరి పక్కన ఇళ్ళు కట్టుకుంటే గోదావరిఖని అయింది. ఏ రాజూ లేడు, దేవుడూ లేడు, గని వుంది. 2014లో మిల్లు మూతపడ్డప్పుడు కాగజ్‌నగర్ వాళ్ళను తలుచుకుంటే గుండె చెరువయ్యేది. ఊరు పేరులో కాగితం, ఇంట్లో జీతం లేదు. 2018లో మళ్ళీ తెరిచారు. ఆ నాలుగేళ్ళు కూడా ఎవరూ పేరు మార్చుదామనలేదు. చూశారా, భర్త ఉద్యోగం పోయినంత మాత్రాన మనం మాత్రం ఇంటిపేరు విప్పి ఇచ్చేస్తామా?

2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు మా రెండు జిల్లాలూ ముక్కలయ్యాయి. కరీంనగర్ కడుపులోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వచ్చాయి. ఆదిలాబాదులోంచి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్. ఈ చివరి పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొమురం భీం నిజాం సర్కారు మీద తిరగబడి 1940లో జోడేఘాట్ గుట్టల్లో ప్రాణం వదిలిన గోండు వీరుడు. ఆసిఫాబాద్ ఆ నిజాం వంశం పేరు. చంపించినవాళ్ళ పేరు, చచ్చిపోయినవాడి పేరు, ఒకే బోర్డు మీద పక్కపక్కన! మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పాత పేరు కొట్టెయ్యకుండా ముందు ఒక పేరు చేర్చారు. జరిగింది జరిగినట్టు బోర్డు మీదే వుంది. ఈ కాలపు అమ్మాయిలు పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ పెట్టుకుంటున్నారే, అలాగన్నమాట. దరఖాస్తు ఫారాల్లో గళ్ళు చాలవు, అది వేరే సంగతి. నాకూ నవలల అట్ట మీద పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటిది. రెంటికీ తగవు పెట్టకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

ఆ జిల్లాల్లోనే ఇంకో ఆచారం వుంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో, పుష్యమాసపు అమావాస్యనాడు, మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను తెల్లటి బట్టలు కట్టించి తీసుకొచ్చి నాగోబాకు పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. ఆ తర్వాతే ఆమె ఆ వంశపు మనిషి. ఆ ఆచారం మంచిచెడ్డలన్నీ చెప్పడానికి నేను దాని లోపలి మనిషిని కాను. కానీ కొత్తగా వచ్చినదాన్ని చేరదీసుకునే విధానం ‘ఈమె ఫలానా’ అని పరిచయం చెయ్యడమూ కావచ్చు, ‘ఇప్పటినుంచి నువ్వు ఫలానా’ అనడమూ కావచ్చు. మొదటిదానిలో ఆమె ముందునుంచీ ఒక మనిషి.

ఊరికీ ఆడపిల్లకీ పోలిక ఇంతదాకా బాగానే నడిచింది గాని, ఇక్కడ తెగిపోతుంది. ఊరు తనను ఎవరు ఏమని పిలుస్తున్నారో వినదు. ఆదిలాబాద్ అన్నా ఎదులాపురం అన్నా ఆ ఊరికి ఒకటే ఎండ, ఒకటే చలి. బాధపడితే అందులో వుండే మనుషులు పడాలి. ఆడపిల్ల వింటుంది. ఇరవయ్యారేళ్ళు ఒక శబ్దానికి తల తిప్పిన మనిషి, తెల్లారి ఇంకో శబ్దానికి తిప్పాలి. మా మేనత్త సంతోషంగా తిప్పింది, పాత శబ్దం ఆవిడను గాయపెట్టింది గనక. మా అక్క కూతురిని ఆమె పేరు ఏం గాయపెట్టింది? ఆ పేరు మీద పదో తరగతి పాసైంది, బాకీలు తీర్చింది, తండ్రి పోయినప్పుడు ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టింది. అది ఆమెకు పనిచేసిన పేరు. కాగజ్‌నగర్ లాంటి పేరు.

అందుకని పిల్లకు నేను తప్పనో ఒప్పనో చెప్పలేదు. కొత్త పేరు పెట్టడం తప్పని నాకు అనిపించదు. పాత పేరు నోట పలకకూడదనడం తప్పు. ఆ ఇంట్లో ఆ తేడా తెలుసో లేదో కనుక్కో అన్నాను. “ఎట్ల కనుక్కోవాలె?” అంది. “మీ అత్తగారికి పుట్టింట్లో ఏం పేరుండేదో అడుగు,” అన్నాను.

పిల్ల చురుకైనది. నిశ్చితార్థం చీర కొనడానికి ఆదిలాబాదు వచ్చినప్పుడు, బట్టల కొట్లో అందరూ జరీ అంచులు చూస్తుండగా, అడిగేసిందట. ఆవిడకు మన తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డం కొంచెం కొంచెం. ముందు అర్థం కానట్టు చూసిందట. “నా పేరా? పెళ్ళికి ముందా?” అని, చుట్టూ చూసి, చిన్నగా చెప్పిందట. పక్కనే కూచున్న కొడుకు చేతిలోని చీర కింద పెట్టి, “ఆయీ, నాకెప్పుడూ చెప్పలేదేం?” అన్నాడట. “నువ్వెప్పుడడిగావు?” అందట ఆవిడ. తరవాత ఆ పేరు పెట్టింది తన తాత అనీ, ఆయన రాజూరా సంతలో గాజులు కొనిపెట్టేవాడనీ, కొట్టువాడు మూడు చీరలు మడిచి మళ్ళీ విప్పేదాకా చెప్తూనే వుందట. మా పిల్లకు ఆ పేరు నేను రాయకూడదని మాటిచ్చాను.

పెళ్ళి మాఘంలో. పళ్ళెంలో బియ్యం పోయడం, ఉంగరంతో రాయడం ఖాయమేనట, అది లేకపోతే వాళ్ళ బంధువులు ఊరుకోరు. ఏ పేరు రాస్తారన్నది మాత్రం ఇంకా తేలలేదు. అత్తాకోడళ్ళిద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. అబ్బాయిని అడిగితే, “నన్ను రాయమన్నది రాస్తా” అంటున్నాడు.